బొగ్గుపొరను దాటు బావి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు నైరుతిభాగమున, నేల అడుగున పిట్స్‌బర్గ్ పొర యను బొగ్గుపొర కలదు. దాని మందము ఇంచుమించు మనిషి నిలువెత్తు. గనిపనివారు అందు బొగ్గు త్రవ్వుచుందురు. సహజవాయువు ఉండునది అంతకంటె ఎంతో లోతున. వాయువును కోరి బావి త్రవ్వువారు బొగ్గుపొరను తొలిచికొని పోక తప్పదు. వారికి క్రింద పనిచేయువారు కనబడరు.

బావిగొట్టము చిల్లిపడినచో వాయువు గనిలోనికి చొరబడును. అందలి మీథేనుకు రంగు లేదు, వాసన లేదు. గాలిలో అది నూటికి 5 మొదలు 15 పాళ్లు చేరినచో ప్రేలుటకు ఒక్క నిప్పురవ్వ చాలును.

కనుక బొగ్గుపొర గుండ ఉక్కుగొట్టమును దింపి, దానికిని రాతికిని నడుమ పలుచని సిమెంటు నెక్కింతురు. అది గట్టిపడువరకు ఊరక కూర్చుండుట యజమానికి నష్టముగా తోచవచ్చును. కాని తొందరపడినచో సందులు మిగులును. గనిలోపల బావి చుట్టును బొగ్గును స్తంభమువలె విడిచిపెట్టుదురు. 1969 నాటి అమెరికా గనుల చట్టము దానికి సామాన్యముగా 300 అడుగుల అడ్డుకొలత విధించినది. అంత బొగ్గును వదలుకొనుట గనియజమానులకు కష్టమే.

అసలు భయము పాతబావులది. ఆ రాష్ట్రముననే 1859లో డ్రేకు నూనెబావి త్రవ్వించిన పిమ్మట ఎందరో త్రవ్విరి. పటములకెక్కని బావు లనేకములు. కొన్నిటి నోట చెట్టుమొద్దులు దిగగొట్టి పోయిరి. వానిని నేడు అయస్కాంత సాధనములతో వెదకుదురు. గొట్టమును పెరికి ఇనుముగా అమ్ముకొనిన బావి మాత్రము వానికిని చిక్కదు.