నీట మునిగిన కాపెల్ కెలిన్
1965లో ఉత్తర వేల్స్‌లో కాపెల్ కెలిన్ అనే ఊరు ఒక జలాశయం కింద మునిగిపోయింది. నీళ్లేమో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి. బడి, చర్చి, పోస్టాఫీసు, పొలాలు, అన్నీ పోయాయి. పొద్దున లేస్తే వేల్ష్‌లోనే పలకరించుకునే ఊరది. ఊరివాళ్లు పిల్లాపాపలతో వెళ్లి లివర్‌పూల్ వీధుల్లో నిరసనగా ఊరేగారు. 1957లో పార్లమెంటులో వేల్స్ సభ్యుడు ఒక్కడూ ఆ జలాశయం కట్టే బిల్లుకు ఓటేయలేదు. అయినా నెగ్గింది. నన్ను ఇప్పటికీ కలచివేసేది ఆ ఓటింగే.

అంతకు మునుపు, 19వ శతాబ్దంలో, బళ్లో వేల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. అవమానించిన భాషను ఇంట్లోనైనా కాపాడుకోవచ్చు, ఇల్లే మునిగితే? 2005లో లివర్‌పూల్ నగరపాలక మండలి క్షమాపణ చెప్పింది. చెప్పడం మంచిదే. కానీ నాకు ఊరటనిచ్చేది మరొకటి: ఊరు మునిగిన కోపంలోంచే భాషోద్యమం బలపడింది. వేల్ష్‌కు 1982లో సొంత టీవీ చానల్, 1993లో భాషా చట్టం దక్కాయి.