నెత్తి మీది తెర, ముక్కు మీది కెమెరా

మన సాఫ్ట్‌వేరు ప్రపంచంలో కొన్ని టెక్నాలజీలకి ముహూర్తం ఎప్పుడూ "వచ్చే ఏడాదే". వర్చువల్ రియాలిటీ వాటన్నిటికీ పెద్దన్న. 1968లోనే ఐవాన్ సదర్లాండ్ తలకి తగిలించుకునే తెర చేసి చూపించాడు. అది పైకప్పు నుంచి దిగిన కమ్మీకి వేలాడుతూ ఉండేది. అప్పట్నుంచీ ఈ పరిశ్రమ చేసిందల్లా ఆ కమ్మీ తీసేసి, బరువు మన మెడ మీదకి మార్చడమేనేమో అనిపిస్తుంది నాకు.

ఖర్చుకి మాత్రం వెనకాడలేదు లెండి. ఫేస్‌బుక్ 2014లో ఆక్యులస్‌ని 200 కోట్ల డాలర్లకి కొనేసింది. 2021లో ఏకంగా తన పేరే మెటా అని మార్చుకుంది. అందులో ఈ పనులు చూసే విభాగం ఒక్క 2024లోనే దాదాపు 1,770 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. మైక్రోసాఫ్ట్ 2015లో ఆర్భాటంగా చూపించిన హోలోలెన్స్ తయారీ 2024లో ఆగిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆపిల్ విజన్ ప్రో 3,499 డాలర్లకి దుకాణాల్లోకి వచ్చింది. చూసినవాళ్ళు ఆహా అన్నారు, కొన్నవాళ్ళు మాత్రం తక్కువే.

ఎందుకిలా అంటే ధర ఒక్కటే కాదు. తల తిప్పగానే బొమ్మ కూడా తిరగాలి. ఆ ఆలస్యం ఒక 20 మిల్లీసెకన్లు దాటితే కళ్ళు తిరుగుతాయి. దీన్ని మన ఇంజినీర్లు చాలావరకు సాధించారు. మొండికేసింది కన్ను. పుస్తకం దగ్గరగా పెట్టుకుంటే రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, కంటి కటకం కూడా ఆ దూరానికే సర్దుకుంటుంది. హెడ్‌సెట్‌లో బొమ్మ ఎంత దగ్గరున్నట్టు కనిపించినా ఫోకస్ మాత్రం ఒకే దూరంలో ఉండిపోతుంది. కళ్ళు ఒకటి చెప్తాయి, కటకం ఇంకోటి చెప్తుంది, మధ్యలో మెదడు నలిగిపోతుంది. దానికి తోడు ముఖం మీద అరకిలో పైచిలుకు బరువు. గంటసేపయ్యేసరికి ఎప్పుడు తీసేద్దామా అనిపించక ఏం చేస్తుంది?

చిత్రమేమిటంటే, ఇన్ని వేల కోట్లు పోసి చేసిన తెరలకంటే అసలు తెరే లేని కళ్ళజోడు జనానికి నచ్చింది. రేబాన్‌తో కలిసి మెటా 2023లో తెచ్చిన కళ్ళజోడు బరువు సుమారు 50 గ్రాములు. అందులో ఉన్నవి కెమెరా, మైకులు, స్పీకర్లు. 2025 ఫిబ్రవరి నాటికి 20 లక్షలు అమ్ముడయ్యాయని తయారుచేసే ఎసిలార్‌లక్సాటికా చెప్పింది. ఆ మే నెలలో 29,900 రూపాయలతో మన దేశానికీ వచ్చింది. సెప్టెంబరులో కుడి అద్దంలో చిన్న తెరతో 799 డాలర్ల మోడల్ అమెరికాలో విడుదలైంది. అంటే వదిలేసిన తెర మళ్ళీ నెమ్మదిగా వెనక తలుపు నుంచి వస్తోందన్నమాట.

నాకు భయం పుట్టేది సరిగ్గా ఇక్కడే. పాత హెడ్‌సెట్ వల్ల నష్టం ఎవరికి? పెట్టుకున్నవాడికి. తలనొప్పి వాడిదే, డబ్బూ వాడిదే. ఈ కళ్ళజోడు పెట్టుకున్నవాడికి హాయిగానే ఉంటుంది. ఇబ్బందల్లా ఎదురుగా ఉన్నవాళ్ళకి. 2013లో గూగుల్ గ్లాస్ వచ్చినప్పుడు చూడగానే తెలిసిపోయేది, అమెరికాలో కొన్ని బార్లు లోపలికి రానివ్వలేదు కూడా. ఇప్పటిది మామూలు కళ్ళజోడులాగే ఉంది. 2024లో హార్వర్డ్ విద్యార్థులిద్దరు దీనికి ముఖాలు వెతికే సైటు ఒకటి జోడించి, దారినపోయేవాళ్ళ పేర్లూ వివరాలూ అప్పటికప్పుడు రాబట్టొచ్చని చేసి చూపించారు. రికార్డు చేస్తుంటే చిన్న దీపం వెలుగుతుంది నిజమే. ఆ దీపం పనిచేయకుండా చేసిపెట్టేవాళ్ళు ఉన్నారని 2025లో వార్తలొచ్చాయి.

మన ఆఫీసుల సంగతే చూడండి. క్లయింటు డేటా ఉండే ఓడీసీలో ఫోను గేటు దగ్గర లాకర్లో పెట్టి వెళ్ళమంటారు. మరి కళ్ళజోడో? పవరున్న అద్దాలు వేయించుకున్నవాడు అది తీసేస్తే మానిటరే కనపడదు! పోనీ చట్టం చూసుకుంటుందా అంటే, మన 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం ఒక వ్యక్తి సొంత అవసరానికి, ఇంటి అవసరానికి వాడుకునే డేటా జోలికి రాదు. పెళ్ళిలో పక్కవాడు తీసిన వీడియో దాదాపుగా ఆ ఖాతాలోకే పోతుంది.

అలాగని వీటిని నిషేధించమనను. చూపు లేనివాళ్ళకి ఎదురుగా ఏముందో చదివి చెప్పే కళ్ళజోడు ఎంత ఆసరాయో వేరే చెప్పక్కర్లేదు. నేననేది ఒకటే. ఆ దీపం సాఫ్ట్‌వేరు చేతిలో కాకుండా కెమెరాకి వెళ్ళే కరెంటు తీగ మీదే ఉండాలి, దీపం చస్తే కెమెరా కూడా చావాలి. ఇది చేతకాని పనేం కాదు, లాప్‌టాపుల్లో కొన్నింటికి ఎప్పట్నుంచో ఉంది. ఇక రెండోది, ముఖాలు గుర్తుపట్టే యాప్ రాయమని రేపు మన టీముకే పని రావచ్చు. అప్పుడు "ఎదుటివాడు ఒప్పుకున్నాడా?" అన్న ప్రశ్న రిక్వైర్‌మెంట్ల మీటింగులోనే మనం అడగాలి. టెస్టింగు దాకా వచ్చాక అడిగితే వినేవాడుండడు.

మీ ఆఫీసులో వీటికి రూలేమైనా పెట్టారా? లేక ఎవరూ ఇంకా గమనించలేదా?