పక్కన కూర్చుని నేర్పే పని

కర్నూలులో బయలుదేరి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరే 40వ నంబరు జాతీయ రహదారి భాగానికి రెండు కొసల్లోనూ ఉన్న విశ్వవిద్యాలయాలు వయసులో చిన్నవి: కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో, అదే ఊళ్లోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో ఏర్పడ్డాయి. సంస్థలు కొత్తవైనా వాటిలో పాఠం చెప్పే వారిలో చాలామంది చేతిరాత నోట్సుతో, సుద్దముక్కతో వృత్తిలోకి వచ్చినవారు కనుక, ఈ దారిన వెళ్లే సందర్శకులు భవనాలకన్నా ముందు విచారించదగినది ఆ అధ్యాపకులకు కంప్యూటరు పాఠం ఎవరు చెబుతున్నారన్నదే.

అధికారికంగా ఆ పని శిక్షణ కేంద్రాలది. 1986 జాతీయ విద్యా విధానం దరిమిలా అకడమిక్ స్టాఫ్ కళాశాలలుగా పుట్టి, తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలై, 2023 నుంచి మదన్ మోహన్ మాలవీయ పేరు పెట్టుకున్న ఈ కేంద్రాలు కడపవారికి తిరుపతిలోను, కర్నూలువారికి హైదరాబాదులోను దగ్గర. ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు పదోన్నతికి అవసరం కాబట్టి హాజరుకు లోటుండదు. కానీ అన్ని శాఖలవారినీ ఒకే హాలులో కూర్చోబెట్టి చెప్పే పాఠం ఏ ఒక్కరి చిక్కునూ పూర్తిగా విప్పలేదు, ఎందుకంటే చిక్కు శాఖకొక తీరుగా ఉంటుంది.

తెలుగు శాఖనే తీసుకుంటే, ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేయించిన వ్యాసాలు, ప్రశ్నపత్రాలు, సిద్ధాంత గ్రంథాలు అక్కడి అసలు ఆస్తి. అను పద్ధతిలో తెలుగు అక్షరాల ఆకారాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాగి ఉంటాయి గనుక, ఆ ఫాంటు లేని యంత్రంలో పాఠమంతా అర్థంలేని రోమన్ గుర్తులుగా విచ్చిపోతుంది. 1991 నాటి తొలి కూర్పు నుంచే తెలుగుకు సొంత స్థానాలు కేటాయించిన యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప వెతకడానికీ, ఆన్‌లైన్ పాఠంలో పెట్టడానికీ పనికిరాదు. మార్చే సాధనాలున్నాయి, అయితే మార్పులో ఒత్తులు తప్పిపోతే వాటిని పట్టుకోవడానికి తెలుగూ కంప్యూటరూ రెండూ తెలిసిన మనిషి అధ్యాపకుడి పక్కన కూర్చోక తప్పదు. ఉర్దూ శాఖలో ఇదే గాథ ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ పేరుతో నడుస్తుంది. కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగే నస్తలీక్ లిపి వాక్యం మధ్యలో ఎడమ నుంచి నడిచే అంకెలో, సూత్రమో వస్తే స్లైడులో వరుస తారుమారవుతుంది. గణితంవారికి కావలసింది సమీకరణాలను ఆదేశాల రూపంలో రాయించుకునే లేటెక్.

ఈ సాయాన్ని ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది పరిశోధక విద్యార్థులు; వారి శ్రమ ఏ పనిగంటల పట్టికకూ ఎక్కదు. పై హోదాలో ఉన్నవారు తెలిసినవారిని అడగడంలో చిన్నతనం లేదని కడపవారికి వేరే చెప్పనక్కర్లేదు: 1820లో ఇక్కడికి ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టుకుని, తాళపత్రాల పాఠాలు పరిష్కరింపజేసినవాడే. అసలు సంకోచం వేరు. తెలియదని ఒప్పుకుంటే అది పదోన్నతి ఫైలులోకి చేరుతుందన్న అనుమానం అధ్యాపకులను ఆపుతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 1962లో నెలకొల్పిన బోధనా కేంద్రం వంటివి అధ్యాపకులతో విడివిడిగా జరిపే సంప్రదింపులను గోప్యంగా ఉంచి, మూల్యాంకనం నుంచి వేరుచేయడానికి కారణం ఇదే.

కడప జిల్లాలోనే ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ విద్యార్థికొక ల్యాప్‌టాప్, ముందే తయారైన డిజిటల్ పాఠాలు అన్న పద్ధతితో నడిచింది. అయినా తరగతిలో మెంటర్లను ఉంచక తప్పలేదు. విద్యార్థికి అంగీకరించిన ఆ అవసరాన్ని అధ్యాపకుడి విషయంలో బడ్జెట్టు ఇంకా గుర్తించవలసే ఉంది. స్వయం అనే ఆన్‌లైన్ వేదిక మీది కోర్సులకు సెమిస్టరులో 40 శాతం వరకు క్రెడిట్లు ఇవ్వవచ్చని 2021లో యూజీసీ అనుమతించాక, సొంత పాఠాన్ని తెర మీదికి తేలేని అధ్యాపకుడు మరొకరి వీడియోకు హాజరు వేసేవాడిగా మిగిలే ప్రమాదముంది. శాఖకు వారానికి ఒక పూట వచ్చి, ఆ శాఖ లిపీ గుర్తులూ ఎరిగి, ఎవరికీ నివేదిక పంపనవసరం లేని ఒక సహాయకుడి జీతం ఇందుకు పెద్ద ఖర్చు కాదు.