ఒళ్లో ప్రయాణికురాలు

నెలల బిడ్డతో విమానం ఎక్కడం తేలిక. పాలు తాగి పడుకుంటుంది. మూడేళ్ల పిల్లనైతే కథ చెప్పి కూర్చోబెట్టొచ్చు. కష్టమంతా ఏడాదిన్నర వయసుతోనే. అప్పుడే నడక వచ్చి ఉంటుంది, ఆ నడక తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. సరిగ్గా ఆ వయసుకే, విడిగా కొంటే తప్ప, విమానంలో సొంత సీటు లేదు. టికెట్టు మీద పేరుంటుంది, పుట్టినతేదీ కాగితం చూపించమంటారు, కానీ రెండేళ్లు నిండేదాకా పెద్దవాళ్ల ఒళ్లోనే కూర్చోవాలి.

ఈ వేసవిలో మేం అండమాన్ వెళ్లాం. మా అబ్బాయి, కోడలు, మనవరాలు, నేను. శంషాబాద్ నుంచి తెల్లవారుజామున విమానం. సముద్రం చూపిద్దాం, ఇసుకలో ఆడిద్దాం అని మేం లెక్కలు వేసుకున్నాం గానీ, పిల్లకి పండగ ఎయిర్‌పోర్టులోనే మొదలైంది. తన చెప్పులు ట్రేలో పడి యంత్రంలోకి వెళ్లి అటువైపు నుంచి బయటికొస్తే చప్పట్లు కొట్టింది. విమానం ఎక్కాక కిటికీ తలుపు పైకి, కిందికి, మళ్లీ పైకి. ముందు సీటు సంచీలోని అట్ట తీసి, అందులో గాలిచొక్కా తొడుక్కుంటున్న బొమ్మమనిషికి ముద్దు పెట్టింది. ఏడాదిన్నర పిల్లకి సెలవులంటే తెలియదు, అండమాన్ అంటే తెలియదు. ఆ క్షణం చేతికేది దొరికితే అదే దాని లోకం. ఆ పిల్ల పక్కన కూర్చోవడం నాకెంత భాగ్యమో చెప్పలేను.

నేను స్టీలు డబ్బా నిండా మరమరాలు పెట్టుకున్నాను. పసిపిల్లల ప్రయాణానికి వాటిని మించింది లేదని నా నమ్మకం. రెండు వేళ్లతో ఒక్కొక్కటే పట్టుకోవాలి, జారిపోతే వెతుక్కోవాలి, నోటిదాకా తేవాలి. గుప్పెడు మరమరాలకి అరగంట గడుస్తుంది. వాటితోపాటు ఓ అరటిపండు, పాలసీసా, పాత చీరముక్క ఉంటే చాలు. ఫోనులో బొమ్మలు చూపించాల్సిన అవసరం రాలేదు.

దిగేముందు ఏడుపు మొదలైంది. మామూలు పేచీ కాదు. తల అటూ ఇటూ కొట్టుకుంటూ, చెవి పట్టుకుని లాక్కుంటూ, ఊపిరి అందనంత ఏడుపు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. కోడలు ఆయనకి సారీ చెప్పింది. పక్కనున్న అమ్మాయికి చెప్పింది. వెనక్కి తిరిగి వాళ్లకీ చెప్పింది. బిడ్డ నొప్పితో విలవిల్లాడుతుంటే తల్లి చుట్టూ ఉన్నవాళ్లకి క్షమాపణలు చెప్పుకోవడం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

అటు పక్క సీట్లోంచి ఒకావిడ ముందుకు వంగి, “సెవులు నొప్పెడతన్నాయమ్మా పిల్లకి. ఏటైనా మింగించు” అంది. వాళ్లది శ్రీకాకుళం వైపు. అక్కణ్ణుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తరచూ విమానంలో వచ్చిపోతారు గనక ఆవిడకి ఈ సంగతి అనుభవంతో తెలుసు. కోడలు పాలసీసా అందించింది. నాలుగు గుక్కలు మింగేసరికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. విమానం 35 వేల అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి గాలి ఒత్తిడిని 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉండేంతగా ఉంచుతారు. అంటే ఇంచుమించు ఊటీలో కూర్చున్నట్టు. దిగేటప్పుడు అరగంటలో ఊటీ నుంచి సముద్రపు ఒడ్డుకి వచ్చేస్తాం. నడిమి చెవి నుంచి గొంతు వెనక్కి యూస్టేషియన్ నాళం అని సన్నని గొట్టం ఒకటుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని కర్ణభేరికి రెండువైపులా ఒత్తిడిని సమానం చేస్తుంది. పసివాళ్లలో అది పొట్టిగా, ఇరుకుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. ఓ పట్టాన తెరుచుకోదు. జలుబు చేసి ఉంటే మరీ కష్టం. పెద్దవాళ్లం తెలియకుండానే గుటక మింగేస్తాం. పిల్లలకి ఆ కిటుకు తెలియదు. ఏడ్చి, మధ్యలో గుటక మింగినప్పుడు వాళ్లకీ ఆ నాళం తెరుచుకుంటుంది. అంటే ఆ పిల్లకి తెలిసిన వైద్యం ఏడుపొక్కటే. దానికి ఎవరైనా ఎందుకు క్షమాపణ చెప్పాలి?

చక్రాలు నేలకి తాకేముందు కాదు, విమానం కిందికి దిగడం మొదలైనప్పుడే పాలో నీళ్లో పట్టడం మొదలుపెట్టాలి. నిద్రపోతుంటే లేపడమే మంచిది, నిద్రలో గుటకలు తక్కువ. ఆ సమయాన ఎయిర్‌హోస్టెస్‌లు పసిపిల్లల తల్లుల దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్తే ఎంత బాగుంటుంది! సీటుబెల్టుల గురించి అంత శ్రద్ధగా చెప్తారు కదా.

పిల్ల నిద్రపోవాలని ప్రయాణానికి ముందు జలుబు సిరప్ పట్టేవాళ్లు ఉన్నారు. అమెరికా నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో ఒంటరిగా పిల్లలతో వచ్చే తల్లుల అలసట నాకు అర్థమవుతుంది. అయినా చెప్తున్నాను, ఆ పని చెయ్యకండి. మత్తు కోసం ఆ మందు వాడొద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెప్తారు. కొందరు పిల్లల్లో అది ఎదురు తిరిగి, నిద్ర రాకపోగా చిరాకు మిగులుతుంది.

మా అబ్బాయి చిన్నప్పుడు మా ప్రయాణాలన్నీ రైల్లోనే. రెండు పై బెర్తుల మధ్య చీర కట్టి ఉయ్యాల వేసేవాళ్లం. బోగీలో ఎవరో ఒకరు వచ్చి ఊపేవారు. బిడ్డ ఏడిస్తే నలుగురూ లేచి వచ్చేవారు, ఒకరు చిటికెలేసేవారు, ఒకరు ఎత్తుకుని తలుపుదాకా తిప్పి తెచ్చేవారు. విమానంలో ఉయ్యాల కట్టలేం, నిజమే. లేచి రావడానికీ బెల్టు అడ్డం. మాట సాయానికి బెల్టు అడ్డమా? ఆ శ్రీకాకుళం ఆవిడకి కాలేదు.

ఇక ఒడి సంగతి. మన ఒడిని మించిన భద్రత ఉందంటే నా మనసు ఒప్పుకోదు. కానీ 1989 జులై 19న అమెరికాలో, తోక ఇంజను పగిలి అదుపు తప్పిన యునైటెడ్ 232 విమానం సూ సిటీలో కూలినప్పుడు, అందులో ఒళ్లో పిల్లలు నలుగురున్నారు. అప్పటి నియమం ప్రకారం వాళ్లని నేలమీద ఉంచి పట్టుకోమని తల్లిదండ్రులకి చెప్పింది ప్రధాన ఎయిర్‌హోస్టెస్ జ్యాన్ బ్రౌన్. ఒక పసివాడు బతకలేదు. ఆమె ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ప్రతి బిడ్డకీ సొంత సీటు కావాలని పోరాడింది. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ సిఫారసు చేసిందే గాని తప్పనిసరి చెయ్యలేదు. టికెట్టు ఖర్చు పెరిగితే కుటుంబాలు కార్లలో బయల్దేరతాయి, రోడ్డు మీద ప్రమాదం ఇంకా ఎక్కువ అన్నది వాళ్ల వాదన. ఆ లెక్కలో న్యాయం లేకపోలేదు. అయినా డబ్బుకి వెసులుబాటు ఉన్న ఇల్లయితే సీటు కొనడమే సరైనదని నాకు అనిపిస్తుంది. గట్టి కుదుపు వస్తే ఎంత ప్రేమగా పట్టుకున్నా చేతుల పట్టు చాలదు.

దసరాకి విశాఖ వెళ్దామనుకుంటున్నాం. అప్పటికి మనవరాలికి రెండేళ్లు నిండవు, అయినా సీటు కొంటానన్నాడు అబ్బాయి. అందులో బిగించే పిల్లల కారు సీటు మీద విమానంలో వాడొచ్చన్న ముద్ర ఉందో లేదో చూస్తున్నాడు, ఎయిర్‌లైన్ వాళ్లనీ అడుగుతున్నాడు. మిగతావాళ్ల దారికి అడ్డం రాకుండా దాన్ని కిటికీ పక్కనే బిగించాలట. ఆ పక్క సీటు నాకివ్వమని కోడలికి ముందే చెప్పేశాను.