ట్రక్కు మీది యిల్లు

మా తమ్ముడు అమెరికాలోని డల్లాసు నగరమున కాపురమున్నాడు. గడచిన వేసవి సెలవులలో మేము దంపతులము అమ్మను వెంటబెట్టుకొని అచ్చటికి వెళ్ళితిమి. కొలరాడో కొండల మీది మంచును చూడవలెనని అమ్మ కోరినది. ఆమెకు మోకాళ్ళ నొప్పి. పరుల చేతివంట ముట్టదు. అందుచే తమ్ముడు మంచము, వంటయిల్లు, స్నానపుగది గల పెద్ద క్యాంపరు నొకదానిని బేరమాడెను. ఇది ట్రక్కు వెనుక తగిలించి లాగునది కాదు, తొట్టిలోనే కూర్చుండును.

"మీ ట్రక్కు 14,000 పౌనులు లాగును, దీని కేమి?" అని అమ్మువాడనెను. సోదరీమణులారా! లాగుట వేరు, మోయుట వేరు. ఎద్దు బండెడు ధాన్యము నీడ్చును. ఆ బస్తాలన్నియు దాని వీపున వేయుదుమా?

డ్రైవరు తలుపు తెరచినచో ప్రక్క కమ్మికి ఒక చీటీ అంటించియుండును. మనుష్యులు, సామాను కలిసి యెంత మించరాదో అందున్నది. తమ్ముని ట్రక్కుకు 1,100 కిలోలు. వట్టి క్యాంపరే 1,450! మేము పద్దు వేసితిమి. తొట్టెలో 190 లీటర్ల నీరు, లీటరుకు కిలో చొప్పున 190, గ్యాసు, బ్యాటరీలు, పాత్రలు, పరుపులు, బియ్యము 150, మేమైదుగురము 330. వెరసి 2,120.

"స్ప్రింగులు వేయించెదనక్కా" అని తమ్ముడు. స్ప్రింగులు బండిని పైకెత్తును గాని, ఇరుసును, టైర్లను, బ్రేకులను బలపరచవు. కొండదిగు బండిలో కూర్చుండునది అమ్మ గదా యని మేము పట్టు విడువలేదు.

తుదకు వెనుక ప్రక్కకు రెండేసి చక్రములు, 8 అడుగుల తొట్టి గల ట్రక్కు కుదిరినది. డీజిలు యంత్రము ఎక్కుడులో బలమైనదే. కాని తానే బరువగుటచే ఆ తరగతి బండ్లలో మోత తగ్గును. కావున పెట్రోలుదే తీసికొంటిమి. చీటీ 2,480 చూపెను. క్యాంపరు బరువునకు నడిమిచోటు తెలుపు గుర్తు దాని ప్రక్కన నుండును. అది వెనుక ఇరుసునకు ముందు పడునట్లు చూచుకొంటిమి. వెనుకకు జరిగినచో ముందు చక్రములు తేలి, స్టీరింగు వశము తప్పును. పాత బండి మార్పున కైన అదనపు సొమ్మునకు మరదలు వారము దినములు మాతో ముభావముగ నుండెను. ఆమె తప్పును లేదు.

బయలుదేరునాడు లారీల కాటా మీద తూచగా మా లెక్కకన్న 70 కిలోలు హెచ్చు! అమ్మ యూరగాయ జాడీలు, రుబ్బురోలు రహస్యముగ నెక్కించినది. హద్దు దాటకున్నను, భయముచే మేము ప్రెషరు కుక్కరును దింపివేసితిమి.

1973లో తెరచిన ఐసెన్‌హోవరు సొరంగము 11,000 అడుగులకు పైన నున్నది. దానిని దాటగనే నిట్టదిగుడు. బ్రేకులు పట్టని లారీలు ఎక్కి నిలుచుటకు కంకర గట్లు ప్రక్కనే వేసియున్నారు. వానిని చూచి మరదలు మా చేయి పట్టుకొన్నది. తమ్ముడు చిన్న గేరులో మెల్లగ దింపెను.

డిలను సరస్సు చెంత ఆగితిమి. కిటికీలోనుండి ఎదుటి కొండల తెల్లదనమును చూచుచు అమ్మ చాలసేపు పలుకలేదు. పిమ్మట బియ్యము పొయ్యిమీద పెట్టినది. అంత యెత్తున నీరు త్వరగ మరగును గాని, తగిన వేడి చేరదు. గంట గడచినను మెతుకు పలుకుగనే యున్నది. "కుక్కరు బరువైనదా? నా రుబ్బురోలు దింపకపోతివా!" అని అమ్మ యనినది.