బందరు రోడ్డు మీద మా ఇంటివాళ్లు

మా ఇంట్లో మనుషులం అయిదుగురం, బండ్లు రెండు. స్కూటరు నాది, మోటారుసైకిలు మా అబ్బాయిది. మిగిలిన ముగ్గురూ ఆడవాళ్లే. ఈ లెక్కలో వింత ఉన్నట్టు నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు తోచనే లేదు.

మా కాపురం పటమటలో. బెజవాడనుంచి బందరు వెళ్లే రోడ్డు మాకు కూతవేటు దూరం. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు చేలకు నీళ్లిచ్చాయి, మనుషులకు పడవదారీ ఇచ్చాయి. పడవలు పోయి బస్సులొచ్చాయి, బస్సులుండగానే ఇంటింటికీ బండ్లొచ్చాయి. ఎవరు ఏది ఎక్కుతారన్నది జేబునిబట్టే తేలుతుందని నేననుకునేవాణ్ణి.

మా ఆవిడ పుట్టిల్లు ఉయ్యూరు. గంట ప్రయాణం. "నేను దింపుతాగా, బస్సెందుకూ?" అనేవాణ్ణి. ప్రేమతోనే సుమండీ! కాని ఆదివారాలన్నీ పరీక్ష పేపర్లకే సరిపోయేవి. తెలుగు మేష్టర్ని గదా, 'దింపు' అనే క్రియకు మా ఇంట్లో కర్త ఎప్పుడూ నేనేనని కూడా గమనించలేదు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆ తరువాతి వారం ఓ సాయంత్రం కాలేజీనుంచి వచ్చేసరికి అమ్మ తలుపు తీసింది.

"కోడలు ఉయ్యూరు వెళ్లింది. వియ్యంకుడుగారికి జ్వరంట."

"ఎవరు తీసుకెళ్లారు?"

"ఒకరు తీసుకెళ్లేదేమిట్రా, బస్సు లేదూ?"

రాత్రి ఎనిమిదిన్నరకు ఆవిడ వచ్చి, సంచిలోంచి కాకరకాయలతోపాటు సున్నా రూపాయల టిక్కెట్టు తీసి చూపించింది.

"డబ్బు కలిసొచ్చిందన్నమాట" అన్నాను.

"డబ్బుదేముందండీ, మిమ్మల్ని అడగడం తప్పింది."

ఆ రాత్రి నాకు అన్నం సరిగా సయించలేదు.

అమ్మ మాత్రం ఉచితమైనా బస్సెక్కదు. మోకాళ్ల నొప్పులు, బస్సు మొదటి మెట్టే ఆవిడకు ఇంద్రకీలాద్రి. దుర్గగుడికి ఆటోలోనే వెళుతుంది, బేరమాడి మరీ. వీధి చివరి ఆటో కుర్రాడు బండిని మా అరుగుకు ఆనించి ఆపుతాడు. ఆవిడకు కావలసింది అదే.

ఇక అమ్మాయి. కానూరులో చదువు. అన్నకు పద్దెనిమిది నిండగానే బండి కొన్నాను. దీనికి పందొమ్మిది నిండినా "ఆటోనగర్ లారీలమ్మా, వద్దు" అంటూ వచ్చాను.

"అన్నయ్యను చూసి ఆ లారీలు పక్కకు తప్పుకుంటాయా నాన్నా?" అంది ఒకనాడు.

జవాబు దొరకలేదు. లెర్నర్స్ లైసెన్సు తీయించాను. మొన్న ఆదివారం పొద్దున్నే కాలువగట్టున అది నా స్కూటరు తోలుతుంటే వెనక నేను కూర్చున్నాను. చూడ్డానికి రమ్మంటే మా ఆవిడ రానంది. ఉయ్యూరు బస్సుకు వేళయిందట.