తాళపుచెవి యెవరి చేతిలో నున్నది?



వానలు వెనుకబడి చలిగాలి తిరిగినప్పుడు సూళ్లూరుపేట ప్రక్కనున్న పులికాట్ సరస్సునకు రాజహంసలును, నేలపట్టు చెరువునకు గూడబాతులును వచ్చుట నీవు చూచియుందువు, లేక వినియైన నుందువు. కొన్ని నెలలుండి, ఎండలు ముదురగానే అవి లేచిపోవును. ఎక్కడ బ్రదుకు సులువో అక్కడికి ఋతువునుబట్టి పోవుట వాటి స్వభావము.

అమెరికా, కెనడా దేశములలో ముసలివారనేకులు ఈలాగుననే చేయుచున్నారు. ఉత్తరమున మంచు కురిసి, వాకిట కాలుపెట్టిన జారిపడు దినములు రాకముందే వారు ఇల్లు తాళమువేసి దక్షిణమునకు బయలుదేరుదురు. అక్కడివారు వీరికి మంచుపిట్టలని పేరు పెట్టిరి. కొందరి ప్రయాణము మోటారు ఇంటిలోనే. ఆ బండిలోనే మంచము, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది యుండును. మరికొందరు చక్రములమీద తెచ్చి నిలిపిన చిన్న యిండ్లలో చలికాలము గడుపుదురు. ఫ్లారిడా, టెక్సాసు దక్షిణ భాగము, అరిజోనా ఎడారి వీరు చేరు స్థలములు. ఇది నిన్నమొన్నటి వాడుక కాదు. 1919లోనే ఫ్లారిడాలోని టాంపా పట్టణపు తోటలో ఇట్టి బండివారు కూడి రేకుడబ్బా యాత్రికులను పేరుతో సంఘముగా నేర్పడిరి. అరిజోనాలో క్వార్ట్‌సైట్ అను చిన్న ఊరున్నది. దాని చుట్టునున్న ప్రభుత్వపు ఎడారి భూమిలో సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు రుసుము చెల్లించి బండి నిలుపుకొనవచ్చును.

"అయ్యా, మనకు బండియిల్లు లేదు, మంచును లేదు. ఈ సంగతి మనకేల?" అని నీవు అడుగుదువు. చదువరీ, కొంచెము ఓర్చుకొనుము. మన ముసలివారును స్థలము మారుచునే యున్నారు. వారు ఎట్లు మారుచున్నారో తెలిసికొనుటకే ఆ దూరపువారి మాట యెత్తితిని.

మొదట, కుమారుడో కుమార్తెయో అమెరికాలో నున్నవారిని చూడుము. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఇట్టి కుటుంబములు ఇప్పుడు అరుదు కావు. తలిదండ్రులు మన మే నెల యెండలకు ముందు విమానమెక్కి, అక్కడ మంచు పడకముందు తిరిగివచ్చుట సాధారణమైనది. చూడవచ్చిన వారికి ఆ దేశము సాధారణముగా ఆరు నెలల గడువిచ్చును. ఆ దేశపు వృద్ధులకున్న ప్రభుత్వ వైద్యబీమా వీరికి వర్తింపదు గనుక జబ్బుచేసిన ఖర్చు మోయరానిది. కారు నడుపనిదే అంగడికైన పోలేరు. పగలంతయు బిడ్డలు పనికిని, మనుమలు బడికిని పోగా, కిటికీ యొద్ద కూర్చుండి వీధి చూచుట వారి పని. ప్రేమకు కొదవలేదు. అయినను తిరుగు ప్రయాణమునకు దినములు లెక్కించుచుందురు.

రెండవది మనకు బహు దగ్గర. దానికి విమానము అక్కరలేదు, పుత్తూరు బస్సుస్టాండు చాలును. వంతుల సంగతి చెప్పుచున్నాను. తండ్రి చనిపోయిన తరువాత తల్లిని కుమారులు వంతులు వేసికొనుట మన పల్లెలలో నెరుగని వారెవరు? ఒక నెల పెద్దవాని యింట, ఒక నెల నడిమివాని యింట, ఒక నెల మద్రాసులో చిన్నవాని యింట. నెల నిండగానే ట్రంకుపెట్టె సర్దవలెను. నేను దర్శింపబోవు పల్లెలలో ఒక అవ్వ యున్నది. ఆమెకు ముగ్గురు కుమారులు, ముగ్గురును మంచివారే. "అవ్వా, ఎట్లున్నావు?" అని అడిగితిని. ఆమె చెప్పినది: "అన్నానికేం కొదవ లేదయ్యగారూ. కానీ ఏ ఇంటికి పోయినా తలుపు తట్టాల్సిందే. నా చేత్తో తీసే తలుపు ఒక్కటీ లేదు."

చదువరీ, ఈ మాట తూచి చూడుము. ఎడారిలో బండి నిలిపిన ఆ పరదేశపు ముసలివాడును ఇల్లు విడిచినవాడే. అతని గది మన పశువుల కొట్టమంత యుండదు. అయినను బండి తాళపుచెవి అతని జేబులో నున్నది. ఎప్పుడు బయలుదేరవలెనో, ఎక్కడ నిలువవలెనో, ఎప్పుడు మరలవలెనో అతడే నిర్ణయించును. మన అవ్వకు ముగ్గురు కుమారులును మూడు మిద్దెలును కలవు గాని తాళపుచెవి ఒక్కటియు లేదు. అతడు పోవుచున్నాడు, ఆమె పంపబడుచున్నది. పోవుటకును పంపబడుటకును మధ్యనున్న భేదమే నేను చెప్పదలచినది.

ఆ దేశములో అంతయు సుఖమని తలంపవద్దు. నిలిపిన యిండ్ల తోటలలో ఇల్లు ముసలివారిదైనను దాని క్రిందనున్న నేల తరచుగా మరియొకనిది. నేలబాడుగ పెంచినయెడల, చక్రముల యిల్లని పేరేగాని, దానిని లాగించుకొని పోవుటకు ఖర్చు మిక్కుటము. పాతబడిన యిల్లయితే కదలనే కదలదు. ఇతరుల పోరంబోకులో గుడిసె వేసికొనినవానికి ఈ భయము తెలియును. దినముల లెక్కయు వారికున్నది. కెనడాలోని అంటారియో రాష్ట్రమువారు 12 నెలలలో 153 దినములైన తమ రాష్ట్రములో నుండనియెడల సాధారణముగా ప్రభుత్వ వైద్యసహాయమునకు అర్హత పోవును. మన అవ్వకును ఒక లెక్క కలదు. 2024లో నెలకు 4,000 రూపాయలుగా పెంచబడిన వృద్ధాప్య పింఛను నెల మొదటి తేదీన ఇంటియొద్దనే ఇచ్చుచున్నారు. దానిని పుచ్చుకొనుటకు ఆమె పల్లెలో నుండవలసియున్నది. ఆ డబ్బు ఆమె చేతిలో నిలుచుచున్నదా, వంతు ఎవరిదో వారి చేతికి పోవుచున్నదా? అది నీ యింటిలో నీవే చూచుకొనవలసిన సంగతి.

యాకోబు వృద్ధాప్యమందు ఐగుప్తునకు పోయిన కథ నీకు తెలిసినదే. అతనికొరకు బండ్లు పంపబడెను. అయితే బండ్లు వచ్చినవని అతనిని మూటవలె ఎత్తివేయలేదు. అతడు వాటిని చూచి, మనస్సు తెప్పరిల్లి, తానే పోవుదుననెను. తన్ను ఎక్కడ పాతిపెట్టవలెనో కుమారునిచేత ప్రమాణము చేయించుకొనెను. యోసేపు గొప్ప అధికారియైనను తండ్రి మాటకు లోబడెను. పెద్దలను కదల్చువారు అనుసరింపవలసిన క్రమము ఇందులోనే కలదు.

కాబట్టి కొన్ని సంగతులు చెప్పనిమ్ము.

కుమారుడా, తల్లిని పంపకముందు ఆమెను అడుగుము. "అమ్మా, పోతావా? ఎప్పుడు పోతావు? ఎన్నాళ్లుంటావు?" అని అడుగుటకు ఖర్చు లేదు. నీ యింట ఒక మూల ఆమెదని ఏర్పరచుము. వంతు కాని నెలలలోను ఆ మంచము తీయకుము, ఆ వంకెకు నీ చొక్కా తగిలింపకుము. వాకిలి తాళపుచెవులలో ఒకటి ఆమె కొంగున కట్టుము. రాత్రి దీపము, గడప, స్నానపుగది దారి చూపించుము. మన పుత్తూరు ఎముకల కట్టునకు పేరుపొందిన ఊరు గదా! అలవాటులేని యింట చీకటిలో తడవుకొని పడిన ముసలివారి నొప్పి మనకు క్రొత్తకాదు. ఆమె మందుల చీటి పెట్టెలో పైననే యుంచుము.

కోడలా, వంతు దినములను ఆమె చెవిని పడునట్లు లెక్కింపకుము. ముసలివారి చెవులు మందమైనను ఆ లెక్క మాత్రము వినబడును.

పెద్దలారా, మీకును ఒక మాట. బిడ్డలమీది ప్రేమచేత ఇల్లును పొలమును తొందరపడి వ్రాసియియ్యకుడి. వ్రాయవలసినయెడల, మిమ్మును పోషించి చూచుకొనవలెనను షరతు దస్తావేజులోనే స్పష్టముగా వ్రాయించుడి. 2007లో మన దేశమున తలిదండ్రుల, వృద్ధుల పోషణ నిమిత్తము చట్టము చేయబడినది. ఆ షరతుతో ఆస్తి పుచ్చుకొని చూడక విడిచినవాని దస్తావేజును రద్దుచేయుమని దాని 23వ సెక్షను క్రింద అడుగవచ్చును. పోషణకై ఆర్.డి.ఓ. గారి యొద్దనున్న ట్రిబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును. ఇది బిడ్డలను కోర్టుకీడ్చుమని చెప్పుట కాదు. ఉండుటకు చోటున్నదని ఎరిగిన ముసలివారు భయములేక ప్రేమింపగలరు.

సంఘమా, నీకును పని కలదు. అవ్వ మద్రాసునకు పోయిన నెలలో పట్టీలో ఆమె పేరు కొట్టివేయకుము. ఆమె కూర్చుండు చాపమీద చోటును మరువకుము. తాళమువేసిన పాత యింటి వాకిలి నెలకొకసారి ఎవరైన ఊడ్చి, కప్పు కారుచున్నదేమో చూడవలెను. వారమునకొకసారి ఫోనుచేసి ఊరి సంగతి చెప్పుడి: ఎవరి యింట పెండ్లి, ఎవరి ఆవు ఈనినది, మీగడ బావిలో నీళ్లెంత యున్నవి. ఆమె ఎదురుచూచునది ఈ మాటలకే. తిరిగి వచ్చిన దినమున బస్సుస్టాండులో ఒకడు పెట్టె అందుకొనవలెను.

పక్షులు మరుసటి సంవత్సరము ఆ చెట్లకే వచ్చుటకు కారణము, ఆ చెట్లు నిలిచియుండుటయే. నేలపట్టు యొద్ద ఊరివారు ఆ పక్షులను తోలివేయక తమవిగా ఎంచుకొనిరి గనుక అవి గూళ్లు కట్టుచున్నవి. చదువరీ, ఈ నెల నీ యింటికి వంతుగా వచ్చిన పెద్దామె ఎవరో నీకే తెలియును. ఆమె ఇప్పుడు నీ యింటిలో తలుపు తట్టుచున్నదా, తీయుచున్నదా? ఈ పత్రిక మడిచిపెట్టి, వెళ్లి చూడుము.